రెండు తీగల ఆజ్ఞలు: ఫర్మ్‌వేర్ మార్చిన రౌటర్‌తో బయటి స్విచ్ చిప్పును అదుపు చేయడం

చవక రకం అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టెకు వెబ్ పేజీ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, కేబుల్ గుచ్చడం తప్ప దాని యజమాని చేయగలిగింది ఏమీ ఉండదు. అయితే మూత విప్పి మధ్యలో ఉన్న నల్లటి చిప్పు మీది అక్షరాలు చదివితే, చాలా సందర్భాల్లో అది ఖరీదైన వైఫై రౌటర్లలో వాడే చిప్పుల కుటుంబానికి చెందినదే అయి ఉంటుంది. వీలాన్‌లుగా, అంటే ఒకే పెట్టెలో ఒకదానికొకటి సంబంధం లేని వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయడం, ఒక పోర్టు ట్రాఫిక్‌కు నకలు తీసి ఇంకో పోర్టుకు పంపడం, పోర్టుకు వేగ పరిమితి పెట్టడం, వచ్చిన ఫ్రేములకూ (ఈథర్‌నెట్ మీద నడిచే డేటా ముక్కలకూ) పోయిన ఫ్రేములకూ లెక్క ఉంచడం వంటి శక్తులు చాలామటుకు ఆ సిలికాన్‌లో ముందే ఉంటాయి. లేనిదల్లా వాటిని ఎప్పుడు ఎలా వాడాలో చెప్పే ప్రాసెసరే. తయారీదారు ఆ ప్రాసెసర్ ఖర్చు మిగుల్చుకున్నాడు కాబట్టే పెట్టె చవకగా వస్తోంది.

ఇంకోవైపు, మూలన పడి ఉన్న పాత వైఫై రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లైనక్స్ ఆధారిత ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే అది చిన్నపాటి లైనక్స్ కంప్యూటర్ అవుతుంది. దానికి ప్రాసెసర్ ఉంది, హార్డ్‌వేర్‌ను నడిపే కెర్నెల్ ఉంది, ప్రోగ్రాముతో పైకీ కిందికీ లాగగలిగే జీపీఐఓ పిన్నులు ఉన్నాయి. స్విచ్ పెట్టెకు ఏది కొరతో అది ఈ రౌటర్ దగ్గర ఉంది. రెంటినీ కలపడానికి కావలసినవి క్లాక్ తీగ, డేటా తీగ, వాటికి తోడు గ్రౌండ్. అతికించే పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. అసలు కష్టం రెండు చోట్ల ఉంది: ఆ తీగల మీద చిప్పుకు అర్థమయ్యే పద్ధతిలో మాట్లాడటం మొదటిది, రౌటర్ నోరు మెదపని క్షణాల్లో చిప్పు తనంతట తాను ఏం చేస్తుందో ముందే తెలుసుకుని కట్టడి చేయడం రెండోది. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు, రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఇంటి నెట్‌వర్క్ భద్రత మాత్రం ఆ రెండోదాని మీదే ఆధారపడి ఉంది.

ప్యాకెట్ల దారి వేరు, ఆజ్ఞల దారి వేరు

రౌటర్ బోర్డు మీద ప్రాసెసర్‌కూ స్విచ్ చిప్పుకూ మధ్య రెండు వేర్వేరు సంబంధాలు ఉంటాయి. ప్యాకెట్లు నడిచే దారి గిగాబిట్ రౌటర్లలో ఎక్కువగా ఆర్‌జీఎంఐఐ అనే పద్ధతిలో ఉంటుంది. అందులో ఒక్కో దిశకు నాలుగు డేటా తీగలు, ఒక క్లాక్, ఒక కంట్రోల్ తీగ చొప్పున మొత్తం 12 తీగలు ఉంటాయి. 125 మెగాహెర్ట్జ్ క్లాక్ పైకి లేచే అంచు మీదా కిందికి దిగే అంచు మీదా డేటా పంపడం వల్ల నాలుగు తీగల మీద సెకనుకు 1000 మెగాబిట్లు సరిగ్గా సరిపోతాయి. క్లాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 8 నానోసెకన్లు మాత్రమే. తీగల పొడవుల్లో చిన్న తేడా ఉన్నా లెక్క తప్పుతుంది కనుక ఈ దారిని చేత్తో వైర్లు అతికించి బయటి పెట్టె దాకా పొడిగించాలని చూడటం వృథా ప్రయాస.

అదృష్టవశాత్తూ ఆ అవసరం లేదు. ప్యాకెట్ల దారిగా మామూలు ఈథర్‌నెట్ కేబులే సరిపోతుంది: రౌటర్ పోర్టు నుంచి స్విచ్ పోర్టుకు ఒక కేబుల్ వేస్తే చాలు. మనం కొత్తగా కల్పించాల్సింది ఆజ్ఞల దారిని మాత్రమే. ఈ దారిలో ఒక్క ప్యాకెట్ కూడా నడవదు. చిప్పు లోపలి రిజిస్టర్లను (అమరికలు దాచుకునే చిన్న అరలను) చదవడం, వాటిలో కొత్త విలువలు రాయడం, అంతే. రాసేసిన తర్వాత ప్యాకెట్లను అటూ ఇటూ పంపే పని చిప్పు తన వేగంతో తానే చేసుకుంటుంది. అందుకే ఒకే ఒక్క 100 మెగాబిట్ పోర్టున్న టీపీ-లింక్ ఎంఆర్3020 లాంటి చిన్న రౌటర్ కూడా గిగాబిట్ స్విచ్‌కు యజమానిగా ఉండగలదు. ఒకే వీలాన్‌లోని రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి పూర్తి గిగాబిట్ వేగంతోనే మాట్లాడుకుంటాయి. ఒక వీలాన్ నుంచి ఇంకో వీలాన్‌కు దాటే ట్రాఫిక్ ఆ చిన్న రౌటర్ గుండా వెళ్తే మాత్రమే 100 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది.

ఎండీఐఓ: 64 క్లాకుల సంభాషణ

ఆజ్ఞల దారికి ఈథర్‌నెట్ ప్రమాణంలోనే, అంటే ఐఈఈఈ 802.3లోనే, ఒక ఏర్పాటు ఉంది. ఎండీసీ అనేది క్లాక్ తీగ. ఎండీఐఓ అనేది రెండు వైపులా నడిచే డేటా తీగ. క్లాక్ ఎప్పుడూ యజమాని చేతిలోనే, అంటే ఆజ్ఞలిచ్చే రౌటర్ చేతిలోనే ఉంటుంది. డేటా తీగకు పుల్-అప్ రెసిస్టర్ ఉంటుంది కాబట్టి ఎవరూ లాగనప్పుడు అది 1 దగ్గర నిలబడుతుంది.

ప్రమాణంలోని 22వ క్లాజు ప్రకారం ఒక సంభాషణ ఇలా సాగుతుంది. యజమాని ముందుగా 32 ఒకట్లు పంపుతాడు. తర్వాత 01 అనే ఆరంభ సంకేతం, చదవడానికైతే 10, రాయడానికైతే 01, ఆపైన చిప్పు చిరునామాకు 5 బిట్లు, రిజిస్టర్ సంఖ్యకు 5 బిట్లు వస్తాయి. ఆ తర్వాత డేటా తీగ చేతులు మారడానికి రెండు బిట్ల వ్యవధి ఉంటుంది. చివరన 16 బిట్ల విలువ. మొత్తం కలిపితే 64 క్లాకులు. ప్రమాణం అనుమతించే గరిష్ఠ వేగమైన 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర దీనికి 25.6 మైక్రోసెకన్లు పడుతుంది.

ఆ రెండు బిట్ల వ్యవధి దగ్గర కాసేపు ఆగడం మంచిది, ఎందుకంటే మన ప్రయోగం బతికిందో లేదో చెప్పేది అదే. చదివేటప్పుడు మొదటి బిట్టులో యజమాని తీగను వదిలేస్తాడు. రెండో బిట్టులో, ఆ చిరునామా గల చిప్పు నిజంగా ఉంటే, తీగను 0కు లాగాలి. ఎవరూ లేకపోతే పుల్-అప్ కారణంగా అక్కడ 1 కనబడుతుంది, తర్వాతి 16 బిట్లూ 1 గానే వస్తాయి. అందుకే చదివిన ప్రతి రిజిస్టరూ హెక్స్‌లో (16 ఆధారంగా సంఖ్యలు రాసే పద్ధతిలో) ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్, అంటే అన్నీ ఒకట్లే, అని వస్తుంటే అది విలువ కాదని, అవతల పలికేవారు లేరని అర్థం చేసుకోవాలి. అన్నీ సున్నాలే వస్తే తీగ గ్రౌండ్‌కు తగులుతోందేమో, పుల్-అప్ లేదేమో చూడాలి. 2, 3 సంఖ్యల రిజిస్టర్లలో చిప్పు గుర్తింపు ఉండాలని ప్రమాణం చెబుతోంది కాబట్టి 0 నుంచి 31 దాకా ప్రతి చిరునామాలోనూ ఆ రెండింటిని చదివి చూడటమే మొదటి పరీక్ష. అయిదు పోర్టుల స్విచ్ అయితే అయిదు వరుస చిరునామాల్లో ఒకే గుర్తింపు కనబడుతుంది.

ఈ ప్రమాణంలో ఔత్సాహికులకు పెద్ద వరమైన సంగతి ఇంకొకటి ఉంది. క్లాక్ ఎంత వేగం మించకూడదో చెప్పారు గానీ ఎంత నెమ్మదిగా ఉండకూడదో చెప్పలేదు. క్లాక్ సమానంగా కొట్టుకోవాలన్న నియమం కూడా లేదు. అందువల్ల ప్రత్యేకమైన హార్డ్‌వేర్ లేకుండా, రెండు జీపీఐఓ పిన్నులను ప్రోగ్రాముతో ఆడిస్తూ ఒక్కో బిట్టూ చేత్తో పంపినట్టు పంపవచ్చు. మధ్యలో లైనక్స్ ఇంకేదో పనిలో పడి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైనా చిప్పు ఓపికగా కాచుకుని ఉంటుంది. దీన్నే బిట్-బ్యాంగింగ్ అంటారు. క్లాక్ 50 కిలోహెర్ట్జ్‌కు పడిపోయిందనుకున్నా ఒక రిజిస్టర్ రాయడానికి 1.28 మిల్లీసెకన్లే, వీలాన్‌ల అమరిక మొత్తానికి 300 సార్లు రాయాల్సి వచ్చినా అర సెకను లోపలే పూర్తవుతుంది. అమరికలు ఎప్పుడో ఒకసారి మాత్రమే మారతాయి కనుక ఈ నెమ్మదితనం ఎవరికీ తెలియదు.

తీగలు అతికించే ముందు

సాఫ్ట్‌వేర్ పొరపాటైతే మళ్లీ సరిదిద్దుకోవచ్చు, వోల్టేజీ పొరపాటైతే చిప్పు పోతుంది. బోర్డును బట్టి ప్రాసెసర్ పిన్నులు 3.3, 2.5, 1.8 వోల్టుల్లో ఏదో ఒకదాని మీద పనిచేస్తాయి. స్విచ్ చిప్పు పిన్నులదీ అదే పరిస్థితి. డేటాషీట్ (చిప్పు వివరాల పత్రం) దొరికినా సరే, మల్టీమీటర్‌తో రెండు వైపులా కొలిచిన తర్వాతే కలపాలి. తేడా ఉంటే మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ పెట్టాలి, అది కూడా రెండు దిశల్లో పనిచేసే రకం అయి ఉండాలి, ఎందుకంటే డేటా తీగ రెండు వైపులా నడుస్తుంది.

గ్రౌండ్ విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంటుంది: ఎలాగూ ఈథర్‌నెట్ కేబుల్‌తో రెండు పెట్టెలూ కలిసే ఉన్నాయి కదా అని. ఈథర్‌నెట్ పోర్టు వెనక ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు పెట్టెల విద్యుత్ సంబంధాన్ని పూర్తిగా విడదీస్తాయి. మామూలు కేబుల్ గుండా గ్రౌండ్ కలవదు. రెండు పెట్టెలకు వేర్వేరు అడాప్టర్లు ఉన్నప్పుడు మన గ్రౌండ్ తీగ ఒక్కటే వాటికి ఉమ్మడి ఆధారం. దాన్ని అన్నిటికంటే ముందు అతికించాలి, విప్పేటప్పుడు అన్నిటికంటే చివర విప్పాలి. తీగలు జానెడుకు మించకుండా, క్లాక్ తీగను గ్రౌండ్ తీగతో మెలిపెట్టి, ఒక్కో తీగకు వరుసలో 100 ఓమ్‌ల ప్రాంతపు రెసిస్టర్ వేస్తే అంచుల దగ్గర వచ్చే ప్రతిధ్వనులు సద్దుమణుగుతాయి.

రౌటర్ బోర్డు మీద ఖాళీ జీపీఐఓ పిన్నులు దొరకడమే అరుదు. టీపీ-లింక్ డబ్ల్యూఆర్703ఎన్ మీద ఔత్సాహికులు ఎక్కువగా వాడేవి 7, 29 సంఖ్యల జీపీఐఓలు; వాటిని చేరాలంటే సన్నటి రెసిస్టర్ కొస మీద సోల్డర్ చేయాలి. కొందరు ఎల్‌ఈడీ పిన్నులను వాడుకుంటారు. అక్కడ జాగ్రత్త అవసరం: కొన్ని ప్రాసెసర్లు కరెంటు వచ్చిన తొలి క్షణంలో అవే పిన్నుల మీది వోల్టేజీ చూసి తాము ఎలా బూట్ కావాలో నిర్ణయించుకుంటాయి. అలాంటి పిన్నుకు స్విచ్ వైపు పుల్-అప్ తగిలితే రౌటరే లేవదు. రీసెట్ బటన్‌కు కట్టిన పిన్ను కొంత మేలు, చాలా బోర్డుల్లో దానికి ముందే పుల్-అప్ ఉంటుంది కనుక డేటా తీగకు పనికొస్తుంది.

1024 అరలు చాలని చోట

ఇక్కడి నుంచి విషయం చిక్కబడుతుంది. 32 చిరునామాలు, ఒక్కోదానికి 32 రిజిస్టర్లు: ఎండీఐఓ ప్రమాణం ఇచ్చే చోటు మొత్తం 1024 రిజిస్టర్లు. ఒక పోర్టు లింకు కలిసిందా లేదా, వేగం ఎంత అని చెప్పడానికి ఉద్దేశించిన ఏర్పాటు ఇది. స్విచ్ చిప్పుకు ఈ చోటు ఏ మూలకూ చాలదు. వీలాన్ పట్టికలోనే 4096 వరుసలు ఉంటాయి. మాక్ చిరునామాల పట్టిక, పోర్టుల లెక్కలు, ప్రాధాన్య నియమాలు వేరే. కాబట్టి ప్రతి తయారీదారూ ఆ ఇరుకు ద్వారం గుండానే పెద్ద గోదాములోకి వెళ్లే తనదైన దారి వేసుకున్నాడు. తహసీల్దారు కార్యాలయంలో రికార్డు గదిలోకి మనం వెళ్లలేం గానీ, కిటికీ దగ్గర చీటీ మీద కాగితం వివరం రాసిస్తే గుమాస్తా లోపలి నుంచి తెచ్చి ఇస్తాడు. చాలా చిప్పులు అదే పని చేస్తాయి.

బ్రాడ్‌కామ్ చిప్పుల్లో ఆ కిటికీ 30వ చిరునామా. అక్కడ నిజమైన పోర్టు ఏదీ ఉండదు. 16వ రిజిస్టర్‌లో పేజీ సంఖ్య రాయాలి, 17వ రిజిస్టర్‌లో ఆ పేజీలోని చిరునామానూ చదవాలా రాయాలా అన్న ఆజ్ఞనూ రాయాలి, పని ముగిసిందన్న సూచన వచ్చేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ ఉండాలి, తర్వాత 24 నుంచి 27 దాకా ఉన్న నాలుగు రిజిస్టర్లలో 64 బిట్ల విలువ దొరుకుతుంది. మార్వెల్ చిప్పులు రెండు విధాలుగా నడుస్తాయి. బోర్డు మీద చిరునామా పిన్నులన్నీ సున్నాకు కట్టి ఉంటే చిప్పు 32 చిరునామాలనూ తానే ఆక్రమిస్తుంది, వాటిలో పోర్టులకు సంబంధించినవి చాలా మోడళ్లలో హెక్స్ 10 నుంచి మొదలవుతాయి. వేరే విలువకు కట్టి ఉంటే ఆ ఒక్క చిరునామాకే పరిమితమై, ఆజ్ఞకు ఒక రిజిస్టరూ డేటాకు ఒక రిజిస్టరూ చూపిస్తుంది. ఎథెరాస్, ఇప్పటి క్వాల్‌కామ్, చిప్పుల లోపలి రిజిస్టర్లు 32 బిట్లవి. హెక్స్ 18 చిరునామాలో పేజీ రాసి, ఆపైన ఒక్కో విలువనూ రెండు 16 బిట్ల ముక్కలుగా చదవాలి, రాయాలి. ఏ ముక్క ముందు రాయాలన్నది చిప్పును బట్టి మారుతుంది. పేజీ మార్చడానికీ విలువ రాయడానికీ మధ్యలో ఇంకో ప్రోగ్రాము దూరి పేజీ మారిస్తే విలువ ఎక్కడో పడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన రెండు స్క్రిప్టులను ఒకేసారి నడిపేవారికి ఎదురయ్యే వింత లోపాలకు మూలం తరచుగా ఇదే.

రియల్‌టెక్ మరీ వేరు. 8366 కుటుంబపు చిప్పుకు కూడా రెండే తీగలు, అవే వోల్టేజీలు, పిన్నుల పేర్లు కూడా ఎండీఐఓను తలపిస్తాయి, కానీ ఆ తీగల మీద నడిచేది ఎండీఐఓ కాదు. చిప్పులు రెండు తీగల మీద మాట్లాడుకునే ఐ2సీ అనే పద్ధతికి దగ్గరి చుట్టంలా ఉండే రియల్‌టెక్ సొంత పద్ధతి అది. దీన్ని దగ్గరగా చూడటానికి మంచి ఉదాహరణ టీపీ-లింక్ డబ్ల్యూఆర్1043ఎన్‌డీ మొదటి వెర్షన్. అందులోని ఎథెరాస్ ఏఆర్9132 ప్రాసెసర్ 18, 19 సంఖ్యల జీపీఐఓల ద్వారా ఆర్‌టీఎల్8366ఆర్‌బీ స్విచ్‌ను నడిపిస్తుంది. చిప్పు గుర్తింపు హెక్స్ 0509 చిరునామాలో ఉంటుంది. దాన్ని చదవాలంటే ఆరంభ సంకేతం తర్వాత ముందుగా హెక్స్ ఏ9 అనే బైటు పంపాలి. ఇందులో చివరి బిట్టు 1 కాబట్టి ఇది చదివే ఆజ్ఞ, రాయడానికైతే ఏ8. తర్వాత చిరునామా కింది బైటు 09, ఆపైన పై బైటు 05. ప్రతి బైటు తర్వాతా చిప్పు డేటా తీగను ఒక క్లాకు పాటు కిందికి లాగి అందిందని తెలుపుతుంది. అప్పుడు చిప్పు ముందు 37, తర్వాత 59 పంపుతుంది. రెంటినీ తిరగేసి చేర్చితే 5937. ఆ సంఖ్య తెర మీద కనబడితే తీగలు, వోల్టేజీలు, ప్రోగ్రాము అన్నీ సరిగా ఉన్నట్టే. ఇదే చిప్పును ఎండీఐఓ అనుకుని పలకరిస్తే అన్ని చిరునామాల్లోనూ ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వస్తుంది, అనుభవం లేనివారు చిప్పు కాలిపోయిందని అనుకుంటారు. తర్వాతి తరం 8367 కుటుంబంలో చాలా చిప్పులకు ఎండీఐఓ ద్వారం కూడా ఉంది. లైనక్స్ వాటిని సాధారణంగా 29వ చిరునామాలో పలకరించి, 23వ రిజిస్టర్‌లో లోపలి చిరునామా రాసి, 24లో రాయాల్సిన విలువ పెట్టి, 25 నుంచి చదివిన విలువ తీసుకుంటుంది.

పెట్టె మీది మోడల్ పేరు చూసి చిప్పు ఏదో ఊహించకూడదని చెప్పడానికి కూడా ఇదే రౌటర్ సాక్ష్యం. డబ్ల్యూఆర్1043ఎన్‌డీ రెండో వెర్షన్‌లో ప్రాసెసర్ క్వాల్‌కామ్ క్యూసీఏ9558, స్విచ్ ఏఆర్8327ఎన్. పేరు అదే, అదుపు చేసే పద్ధతి పూర్తిగా వేరు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠీ గుజరాతీ గల్లీలోనో వాడిన పెట్టె కొనేవారు అడుగున ఉన్న స్టిక్కర్ మీది వెర్షన్ సంఖ్య చూసి, లైనక్స్‌లో డ్రైవర్ ఉన్న చిప్పో కాదో తేల్చుకున్నాకే డబ్బు ఇవ్వడం మంచిది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు చేయాల్సిన పని అది.

ఈ వివరాలు మనకు ఎలా తెలిశాయి

స్విచ్ చిప్పుల పూర్తి డేటాషీట్లను కంపెనీలు సామాన్యంగా బయటపెట్టవు. గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టిన తయారీదారులకే ఇస్తాయి. మరి పైన చెప్పిన రిజిస్టర్లు ఎలా బయటికి వచ్చాయి? 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ ఉందని గమనించినవారు, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ ఇవ్వాలని పట్టుబట్టారు, కంపెనీ ఇవ్వాల్సి వచ్చింది. 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి పునాది ఆ కోడే. ఆ రౌటర్ తొలి వెర్షన్లలో ఏడీఎం6996ఎల్ అనే బయటి స్విచ్ చిప్పు ఉండేది; దాన్ని కూడా జీపీఐఓ పిన్నుల మీద, ఈప్రామ్ (అమరికలు దాచే మెమరీ చిప్పు) కోసం ఉద్దేశించిన తీగల గుండానే నడిపించేవారు. తర్వాతి వెర్షన్లలో బ్రాడ్‌కామ్ చిప్పు వచ్చింది. అంటే మన ప్రయోగం కొత్త సాహసమేమీ కాదు, రౌటర్ తయారీదారులు మొదటి నుంచీ చేస్తున్న పనే. గాబోర్ యుహోస్, అంటి సెప్పాలా వంటివారు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కోసం రాసిన రియల్‌టెక్ కోడును ఆధారం చేసుకుని లైనస్ వాలే తయారుచేసిన డ్రైవర్ 2018లో లైనక్స్ 4.19లో చేరింది. లైసెన్సు నిబంధనను గట్టిగా అడిగినవారు లేకపోతే ఈ చిప్పుల్లో చాలావాటి తలుపు ఇప్పటికీ మూసే ఉండేది. ఈ మాట తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థికీ తెలియాలని నా కోరిక.

కెర్నెల్‌కు పరిచయం చేయడం

చేత్తో రిజిస్టర్లు చదవడం పరీక్షకు బాగుంటుంది గానీ రోజూ నడవాల్సిన వ్యవస్థకు కెర్నెల్ డ్రైవరే తగినది. జీపీఐఓ పిన్నులను ఎండీఐఓ బస్సుగా చూపించే డ్రైవర్ లైనక్స్‌లో ఉంది. బోర్డులోని హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వర్ణించే డివైస్ ట్రీలో క్లాక్ పిన్ను, డేటా పిన్ను సంఖ్యలు రాస్తే చాలు. రియల్‌టెక్ పద్ధతికి వేరే డ్రైవర్ ఉంది, దానికీ పిన్నుల సంఖ్యలే చెప్పాలి. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోవాలి: ఎంఐఐ-టూల్, ఫైటూల్ వంటి పాత పనిముట్లు ఏదో ఒక నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరు అడుగుతాయి, మన జీపీఐఓ బస్సుకు అలాంటి ఇంటర్‌ఫేస్ ఉండదు. బస్సునే నేరుగా పలకరించే ఎండీఐఓ-టూల్స్ లాంటివి వాడాలి.

ఆపైన రెండు తరాల పద్ధతులు ఉన్నాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ చాలాకాలం వాడిన ఎస్‌డబ్ల్యూకాన్ఫిగ్ స్విచ్‌ను ఒకే వస్తువుగా చూసి, వీలాన్‌లకు పోర్టులను కేటాయిస్తుంది. 2008లో లైనక్స్‌లో చేరి, 2021 నాటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 21.02 నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన డీఎస్‌ఏ ప్రతి పోర్టునూ విడి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌గా చూపిస్తుంది. ఏ ప్యాకెట్ ఏ పోర్టు నుంచి వచ్చిందో తెలియడానికి చిప్పు ప్రతి ఫ్రేముకూ తన సొంత గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు రియల్‌టెక్ 8366ఆర్‌బీలో 4 బైట్లు, క్వాల్‌కామ్‌లో 2 బైట్లు. పద్ధతిగా డీఎస్‌ఏ ఉత్తమం. కానీ కేబుల్‌తో కలిపిన బయటి స్విచ్‌లో, ప్రాసెసర్ కోసం ఉద్దేశించిన పోర్టు బోర్డు మీద ఎక్కడికీ కలపకుండా వదిలేసి ఉంటుంది. మన రౌటర్ కలిసేది మామూలు పోర్టుకు. అన్ని చిప్పులూ మామూలు పోర్టు మీద తమ గుర్తును తగిలించవు. అందుకే ఈ ఏర్పాటుకు నేను సిఫారసు చేసేది ప్రామాణికమైన 802.1క్యూ వీలాన్ ట్యాగులనే, అంటే ఫ్రేము ఏ వీలాన్‌కు చెందినదో చెప్పే గుర్తులనే. ట్యాగు 4 బైట్లు, అందులో వీలాన్ సంఖ్యకు 12 బిట్లు. ఏ లైనక్స్‌కైనా అది అర్థమవుతుంది.

అమరిక ఇలా ఉంటుంది. స్విచ్ 5వ పోర్టు నుంచి కేబుల్ రౌటర్‌కు వెళ్తుంది. అది వీలాన్ 1, వీలాన్ 2 రెండింటిలోనూ ట్యాగుతో సభ్యురాలు. ఇంటర్నెట్ కంపెనీ లైను 1వ పోర్టుకు. అది వీలాన్ 2లో ట్యాగు లేకుండా ఉంటుంది. ఇంట్లోని కంప్యూటర్లు 2, 3, 4 పోర్టులకు; అవి వీలాన్ 1. ట్యాగు లేకుండా వచ్చిన ఫ్రేము ఏ వీలాన్‌కు చెందుతుందో చెప్పే పీవీఐడీని ప్రతి పోర్టుకూ విడిగా రాయాలి; సభ్యత్వం రాసి పీవీఐడీ మరిచిపోతే బయటికి ఫ్రేములు వెళ్తాయి గానీ లోపలికి వచ్చినవి తప్పు వీలాన్‌లో పడతాయి. ఆర్‌టీఎల్8366ఆర్‌బీలో పీవీఐడీ నేరుగా వీలాన్ సంఖ్య కాదు, 16 వరుసలే ఉన్న వేరే పట్టికలో ఒక వరుస సంఖ్య. 4096 వీలాన్‌ల పట్టిక ఉన్న చిప్పులో ఈ 16 పరిమితి ఎక్కడి నుంచి వచ్చిందా అని తికమకపడేవారు చాలామంది.

రౌటర్ మౌనంగా ఉన్నప్పుడు

ఇంతవరకు రాసిన అమరిక అంతా చిప్పు రిజిస్టర్లలో ఉంది. కరెంటు పోతే అది చెరిగిపోతుంది. కరెంటు తిరిగి రాగానే స్విచ్ చిప్పు ఒకటి రెండు సెకన్లలో, ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా, పుట్టుకతో వచ్చిన తీరుకు వెళ్లిపోతుంది: అన్ని పోర్టులూ ఒకే నెట్‌వర్క్. రౌటర్‌లో లైనక్స్ పూర్తిగా లేచి రిజిస్టర్లు రాసేసరికి అర నిమిషమో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ మధ్యకాలంలో ఇంట్లోని కంప్యూటర్లు నేరుగా ఇంటర్నెట్ కంపెనీ లైనుకు తగులుకుని ఉంటాయి. ఫైర్‌వాల్ లేదు, కంప్యూటర్ కంపెనీ వైపు నుంచే ఐపీ చిరునామా తీసుకునే వీలుంది. వీలాన్‌ల మీద భద్రత కట్టుకున్నవారికి ఇది చిన్న విషయం కాదు.

దీనికి నాకు తెలిసినంతలో నమ్మదగిన పరిష్కారం మూడో తీగ. స్విచ్ చిప్పు రీసెట్ పిన్నును రౌటర్ జీపీఐఓకు కలపాలి, దానికి బలమైన పుల్-డౌన్ రెసిస్టర్ పెట్టాలి. అప్పుడు రౌటర్ లేచి ఆ పిన్నును పైకి ఎత్తేదాకా చిప్పు రీసెట్‌లోనే ఉంటుంది, ఒక్క పోర్టు కూడా వెలగదు. బోర్డు మీద రీసెట్ పిన్నుకు ముందే ఉన్న పుల్-అప్ రెసిస్టర్‌ను తీసేయడం మరవకూడదు, లేకపోతే రెండూ పోట్లాడుకుని పిన్ను మధ్య వోల్టేజీలో నిలుస్తుంది. రీసెట్ వదిలిన క్షణానికీ అమరిక రాసే క్షణానికీ మధ్య ఇంకా కొద్ది ఖాళీ ఉంటుంది. రీసెట్ వదలగానే మొట్టమొదట ప్రతి పోర్టు 0వ రిజిస్టర్‌లో 11వ బిట్టు పెట్టి పోర్టులను నిద్రపుచ్చాలి, వీలాన్‌లు రాయాలి, ఆ తర్వాతే పోర్టులను లేపాలి. గిగాబిట్ లింకు కుదరడానికి ఎలాగూ ఒకటి రెండు సెకన్లు పడుతుంది కాబట్టి చిప్పు లేచి మాటలు వినే స్థితికి రాగానే ఈ పని చేస్తే ఆ ఖాళీలో ఫ్రేము జారే అవకాశం దాదాపు ఉండదు.

ఇంకో మౌనం దీనికంటే మోసకరమైనది. రౌటర్ ఇన్వర్టర్ మీద, స్విచ్ మామూలు ప్లగ్గు మీద ఉన్నాయనుకోండి. వేసవి సాయంత్రం కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. రౌటర్‌కు ఏమీ తెలియదు. తాను రాసిన అమరిక అలాగే ఉందనే అనుకుంటుంది. స్విచ్ మాత్రం మళ్లీ పుట్టి, అన్ని పోర్టులూ కలిపేసి కూర్చుంటుంది. రీసెట్ తీగ కూడా ఇక్కడ కాపాడదు, ఎందుకంటే రౌటర్ దాన్ని పైకెత్తి పట్టుకునే ఉంది. రెండు పెట్టెలనూ ఒకే విద్యుత్ ఆధారానికి కట్టడం మొదటి జాగ్రత్త. రెండోది కాపలా: కొన్ని సెకన్లకోసారి ఒక చిన్న ప్రోగ్రాము 1వ పోర్టు పీవీఐడీని చదివి, మనం రాసిన విలువ కాకుండా పుట్టుకతో వచ్చే విలువ కనబడినా, ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ కనబడినా, వెంటనే రీసెట్ పిన్నును కిందికి లాగి అమరిక మొత్తాన్ని మొదటి నుంచి రాయాలి. లింకు స్థితిని చూసి పసిగట్టాలనుకుంటే 1వ రిజిస్టర్‌లోని 2వ బిట్టును రెండుసార్లు చదవాలి. మధ్యలో లింకు ఒక్కసారి తెగినా ఆ బిట్టు 0 అయి, చదివేదాకా అలాగే నిలిచి ఉంటుంది. మొదటిసారి 0, రెండోసారి 1 వస్తే మనం చూడని సమయంలో లింకు తెగి కలిసిందని అర్థం. అన్ని పోర్టులూ ఒకేసారి అలా చెబితే స్విచ్‌కు కరెంటు పోయి వచ్చిందన్నది దాదాపు ఖాయం.

ఎంఆర్3020 వంటి పాత పెట్టెను ఈ పనికి పెట్టేవారికి ఒక సూచన. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ ఉన్న పరికరాలకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 తర్వాత అధికారిక ఆదరణ తగ్గిపోయింది, భద్రతా సవరణలు అందవు. దాన్ని ఇంటర్నెట్‌కు ఎదురుగా రౌటర్‌గా నిలబెట్టకుండా, ప్యాకెట్ల పనిని కొత్త రౌటర్‌కు వదిలేసి, స్విచ్‌కు ఆజ్ఞలిచ్చే కాపలాదారుగా లోపలి వీలాన్‌లో మాత్రమే ఉంచాలి. పైన చెప్పిన కాపలా ప్రోగ్రాముకు ఆ ర్యామ్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు.